పడవకి ఎన్ని పాళ్ళు

మా కంపెనీలో ఇంగ్లీషు నోటీసుల్ని తెలుగు చెయ్యడం ముప్పై ఏళ్ళు నా పని. అసలు ఉద్యోగం పర్సనల్ ఆఫీసరు. రొయ్యలు శుభ్రం చేసి, గడ్డకట్టించి, విదేశాలకి పంపే ఫ్యాక్టరీలో హాజరు, సెలవులు, తగాదాలు, వ్యాన్ల టైములు చూసుకోవడం. జీతం దానికే ఇచ్చేవారు గానీ నా ప్రాణమంతా నోటీసు బోర్డు మీదే ఉండేది. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా" అని మొదలయ్యే కాగితం చూస్తే నాకు ఒళ్ళు మండేది. చదివేవాళ్ళకి అర్థం కాకుండా రాసేవాడు ఆ కుర్చీకి తగడని నలుగురిలోనూ అనేవాణ్ణి. అలా అనేవాడు ఏదో ఒకరోజు బోర్లా పడాలి కదా. నేనూ పడ్డాను, ఒక్క మాట దగ్గర. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకి కంపెనీలు జీతంతో పాటు షేర్లు కూడా ఇస్తున్నాయట. వాళ్ళకి పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

మా ఫ్యాక్టరీ నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో, రోడ్డు దిగి రెండు చెరువులు దాటాక వస్తుంది. నేను చేరేనాటికి ఒక్కటే షెడ్డు. మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీని కొని ఛైర్మన్ గారు దాన్ని మొదలెట్టారు. అప్పుడాయన్ని ఛైర్మన్ అనేవాళ్ళు లేరు. గమ్ బూట్లు వేసుకుని మాతోపాటే షెడ్డులో తిరిగేవారు, మాతోపాటే క్యారేజీ విప్పేవారు, నా క్యారేజీలో గోంగూర ఉంటే అడక్కుండా తీసుకునేవారు. ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పెయ్యాలి, లేకపోతే దుర్మార్గుడు ఎక్కడున్నాడా అని చివరిదాకా వెతుక్కుని మీరు అలిసిపోతారు.

ఒక్క షెడ్డు నాలుగైంది. వేరే ఊళ్ళలో ఇంకో రెండు ఫ్యాక్టరీలు వచ్చాయి. చివరికి కంపెనీ షేర్లని స్టాకు మార్కెట్లో పెడుతున్నామన్నారు. ఆ వారం పేపర్లో ఛైర్మన్ గారి ఫోటో వేసి, ఆయన ఆస్తి విలువ ఎంతకి చేరబోతోందో రాశారు. మా ఆఫీసు గుమస్తా ఆ అంకెని కాగితం మీద వేసి, సున్నాలు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, "సార్, ఈ సొమ్ము ఒక మనిషి ఏం చేసుకుంటాడండి?" అన్నాడు. నేను కసిరాను. నాకు గర్వంగా ఉంది మరి. మన జట్టు గెలిచినట్టు, ఆ సున్నాల్లో నాదీ ఒకటి ఉన్నట్టు. లేదని తెలిసినా సరే.

అప్పుడే హైదరాబాదు నుంచి కంపెనీ సెక్రటరీగా చేరిన అమ్మాయి ఒక ఇంగ్లీషు నోటీసు పంపింది. దాని సారాంశం ఇది: మార్కెట్లో అమ్మబోయే షేర్లలో కొన్నిటిని అర్హులైన ఉద్యోగుల కోసం విడిగా ఉంచారు, కావలసినవాళ్ళు కాస్త తక్కువ ధరకి కొనుక్కోవచ్చు. అర్హులంటే కంపెనీ రోల్సులో, అంటే సొంత ఉద్యోగుల జాబితాలో, పేరున్నవాళ్ళు. ఆఫీసులో మేమూ, మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్ళూ. పీలింగ్ షెడ్డులో రొయ్యలు ఒలిచే నాలుగు వందల మంది ఆడవాళ్ళు అందులో లేరు. కాగితం మీద వాళ్ళు లేబరు కాంట్రాక్టరు మనుషులు. పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు అదే షెడ్డులో మంచునీళ్ళలో చేతులు పెట్టి పనిచేసినా సరే. వాళ్ళకి రోజూ హాజరు వేసింది నేనే.

తెలుగు చెయ్యడానికి కూర్చున్నాను. "షేర్లు" అని రాయడానికి మనసొప్పలేదు. "వాటాలు" అంటే రిజిస్ట్రారు ఆఫీసు గుర్తొస్తుంది. మా రైతుల ఇళ్ళలో అన్నదమ్ములు పొలం పంచుకుంటే ఎవరి పాలు వాళ్ళకి వచ్చిందంటాం. చక్కటి మాట, పొట్టి మాట. అదే వేశాను. "అర్హులైన" అనేది తీసేశాను, ఆ మాటకి రేషను షాపు వాసన వేస్తుందని. కొనుక్కోవడం సంగతి ఆఫీసుకొచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాను. అన్నీ పోగా రెండు వాక్యాలు మిగిలాయి: "కంపెనీలో పనిచేసేవారికి కంపెనీలో పాలు ఇస్తారు. వివరాలకు పర్సనల్ ఆఫీసులో అడగండి."

గుమస్తా చదివి, "పాలేనాండి, పెరుగు కూడా ఇస్తారా?" అన్నాడు. వాడికి తెలుగు రాదని తీర్మానించి బోర్డుకి అంటించేశాను.

మర్నాడు పొద్దుట షిఫ్టు మొదలైన గంటకి పెద్దక్క ఆఫీసుకొచ్చింది. పీలింగ్ షెడ్డులో అందరికంటే పాత మనిషి. అందరూ పెద్దక్కనే పిలిచేవారు, నేనూ అంతే. సముద్రం ఒడ్డున పల్లె, వేటకెళ్ళే కుటుంబం. యాభై దాటాయి. చలికి వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా, ముడతలు పడి ఉండేవి. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"బాబూ, పాలు ఎప్పుడు వేత్తారండి?" అంది.

"ఏం పాలు?"

"మీరే రాశారంటగా. కంపెనీలో పనిచేసేవోళ్ళకి పాలని. మా పిల్ల చదివింది."

"అవి షేర్లమ్మా. ఇవ్వడమంటే ఊరికే కాదు. కావాలంటే కొనుక్కోవాలి."

ఆవిడ నా వంక చూసింది. "పాలు కొనుక్కోడమేంటండి?"

అప్పుడు చెప్పింది. వేటకెళ్ళిన పడవ ఒడ్డుకొచ్చాక చేప అమ్ముతారు. వచ్చిన డబ్బులో డీజిలూ ఐసూ ఖర్చు తీసేస్తారు. మిగిలింది ఇసకలోనే, అందరూ కూర్చునుండగా పాళ్ళు వేస్తారు. పడవకి ఇన్ని, ఇంజనుకి ఇన్ని, వలకి ఇన్ని. అవన్నీ ఓనరువి. ఎక్కిన మనిషికి మనిషి పాలు. ఓనరు కూడా ఎక్కితే ఆయనకీ మనిషి పాలు ఒకటి. వాళ్ళాయన బతికున్నన్నాళ్ళూ అలాగే తెచ్చాడు, వాళ్ళ నాన్నా అంతే. పాలు ఎవరూ కొనరు, ఎవరూ దానమివ్వరు. పడవ ఎక్కితే అది ఉంటుంది.

నేను రాసింది మా ఇంటి మాట, వాళ్ళు చదివింది వాళ్ళ ఇంటి మాట. నాలుగు వందల ఇళ్ళకి మనిషి పాలు ఇస్తున్నామని నేను బోర్డు మీద రాసిపెట్టాను, కింద నా సంతకంతో సహా.

సెక్రటరీ అమ్మాయి ఫోన్లోనే దాదాపు ఏడ్చేసింది. షేర్లు మార్కెట్లోకి వెళ్ళే ముందు ఇలాంటి మాట బయటికి పొక్కితే ఎన్ని చోట్ల సంజాయిషీ ఇచ్చుకోవాలో చెప్పింది. "అచ్చుతప్పని చెప్పి తీసెయ్యండి సార్, ప్లీజ్." తీసేశాను. షెడ్డులోకెళ్ళి, అందరికీ వినబడేలా, "అమ్మా, నోటీసులో అచ్చుతప్పు పడింది" అన్నాను. పెద్దక్క తలెత్తి, "ఏ అక్షరమండి?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నేను వెనక్కి తిరిగి ఆఫీసుకి వచ్చేశాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత సిగ్గుపడిన రోజు ఇంకొకటి లేదు.

శుక్రవారం ఛైర్మన్ గారు వచ్చారు. ఇప్పుడు పీలింగ్ జరిగే ఆ పాత షెడ్డులో ఆయన ఫోటోలు తియ్యాలట, ఎక్కణ్ణుంచి ఎక్కడికొచ్చారో జనానికి తెలియాలట. టోపీ, ఏప్రనూ వేసుకుని లోపలికి అడుగు పెట్టగానే చేతులన్నీ ఆగిపోయాయి. నాలుగు వందల మంది రొయ్యలు కింద పెట్టేసి నిలబడ్డారు. కేకల్లేవు, ఏమీ లేదు. మంచునీళ్ళు కారే చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఐసులోంచి తీసిన సరుకు ఎంతసేపు నిలవుంటుందో అక్కడ అందరికీ తెలుసు, వాళ్ళకి మరీ తెలుసు.

"ఏంటమ్మా?" అన్నారాయన.

"మా పాలు గురించండి," అంది పెద్దక్క.

ఆయన నా వైపు చూశారు. ఆయన వెంట వచ్చిన సెక్రటరీ అమ్మాయి నేలచూపులు చూస్తోంది. నేను రెండు ముక్కల్లో చెప్పాను, తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆయన వెంటనే కోప్పడలేదు. ఒక ప్లాస్టిక్ క్రేటు తిరగేసి దానిమీద కూర్చున్నారు. అది పాత అలవాటు.

"చూడమ్మా. ఈ ఫ్యాక్టరీ కోసం నేను ఇల్లు తాకట్టు పెట్టాను. రెండుసార్లు ఓడెక్కిన సరుకు విదేశం దాకా వెళ్ళి తిరిగొచ్చింది. చెరువులకి తెగులొచ్చి రొయ్యే లేని ఏడాది బ్యాంకువాళ్ళు నా గుమ్మంలో కూర్చున్నారు. అప్పుడు నాతో పాటు నష్టం పంచుకున్నవాళ్ళు ఎవరు? మీ పడవలో వేట పడకపోతే మనిషికి ఏమొస్తుంది?"

"ఏం రాదండి. పస్తే."

"మరి నేను కూలి ఎప్పుడైనా ఎగ్గొట్టానా? సరుకు అమ్ముడైనా అవ్వకపోయినా వారం తిరిగేసరికి ఇచ్చాను కదా. నష్టం నాది, కాబట్టి లాభం నాది. అందులో అన్యాయం ఏముంది, నువ్వే చెప్పు."

ఆ మాట విని నేను లోపల తలూపాను. నిజమే అనిపించింది. ఇప్పటికీ అందులో సగం నిజమే అనిపిస్తుంది. పెద్దక్క కూడా తలూపింది.

"పడవకి పాలు లేదని నేనన్లేదండి. ఉండాలి. ఎక్కువే ఉండాలి. పడవ లేకపోతే మేం ఒడ్డునే ఉంటాం," అంది. చేతులు ఏప్రనుకి తుడుచుకుని, "పడవ మునిగితే ఓనరుకి పడవ పోద్దండి. మాకు మనిషి పోతాడు. అందుకే ఇద్దరికీ పాలుంటాది," అంది.

మళ్ళీ ఆవిడే అందుకుంది.

"రొయ్య లేని ఏడాది కూలి ఇచ్చానన్నారు. పని చేసిన రోజుకి ఇచ్చారండి, అబద్ధమాడకూడదు. రొయ్య రాని రోజున మమ్మల్ని గేటు దగ్గర్నుంచే ఎనక్కి పంపేసేవోరు. వ్యాను చార్జీ మాదే. ఆ ఏడాది మేం ఎన్ని రోజులు ఎనక్కెళ్ళామో మీకు తెలీదాండి?"

ఛైర్మన్ గారు నా వైపు తిరిగారు. "ఏవయ్యా, పంపేసేవారా?"

నాకు రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించమని అడుగుదామని కూడా అనుకుంటున్నాను. ఏదో ఒకటి గొణిగి తప్పించుకోవడానికి ఆ క్షణంలో నాలుగు దారులు కనిపించాయి. చెప్పకేం, నాలుగూ మంచి దారులే.

"నేనే పంపేవాణ్ణి సార్," అన్నాను. "పొద్దున్నే చెరువుల దగ్గర్నుంచి ఫోనొస్తుంది, సరుకు లేదని. గేటు దగ్గర నిలబడి ఇవాళ పని లేదనేవాణ్ణి. మీకు చెప్పాల్సినంత పెద్ద విషయమని నాకెప్పుడూ అనిపించలేదు."

ఆయన లేచారు. ఫోటోలు తియ్యలేదు. వెళ్ళిపోతూ పెద్దక్కతో, "ముందు సరుకు చూడండమ్మా, పాడైపోద్ది," అన్నారు. చేతులు మళ్ళీ కదిలాయి.

మూడు రోజులు కబురు లేదు. నేను సొరుగులో ఉన్న కళ్ళద్దాల పెట్టె, నిఘంటువు సంచిలో పెట్టేసుకున్నాను. నాలుగో రోజు పిలిపించారు. టేబులు మీద ఏమీ లేదు, కాఫీ కూడా లేదు. అది చూసి సరే అయిపోయిందనుకున్నాను.

"ఆ ఏడాది ఎన్ని రోజులు వెనక్కి పంపావు?" అన్నారు.

"తెలీదు సార్. ఎక్కడా రాయలేదు. హాజరు వేసేది పనిలోకి తీసుకున్నవాళ్ళకే కదా."

"నా నష్టం ప్రతి పైసా రాసి ఉందయ్యా. బ్యాంకులో ఉంది, ఆడిటరు దగ్గరుంది. వాళ్ళ నష్టం ఎక్కడా రాయలేదు. అందుకని రిస్కంతా నాదేననుకున్నాను. కథ అల్లి చెప్పలేదు, నిజంగానే అనుకున్నాను," అన్నారు. మళ్ళీ, "ఇల్లు తాకట్టు పెట్టిన మాట నిజమే. ఆ ఇల్లు విడిపించుకుని ఇరవయ్యేళ్ళు దాటింది. ఇప్పటికీ దాని పేరు చెప్పి తీసుకుంటూనే ఉన్నాను," అన్నారు.

నాకు కళ్ళు చెమర్చాయి. ఒక మనిషి అంత ఎత్తున కూర్చుని అలా అనుకోగలగడం నేను చూశాను కాబట్టి, లోకం మీద నాకు ఇంకా ఆశ ఉంది. సిగ్గుపడకుండా చెబుతున్నాను.

ఆయన నిర్ణయించింది మూడు సంగతులు. పనిలో చేరి ఐదేళ్ళు దాటిన ఆడవాళ్ళందరినీ కంపెనీ రోల్సులోకి తీసుకోవడం. రొయ్య రాని రోజుకి సగం కూలి ఇవ్వడం. మూడోది, తన సొంత షేర్లలోంచి కొన్ని తీసి, షెడ్డులోని నాలుగు వందల మందిలో ప్రతి ఒక్కరి పేరా రాసివ్వడం. ఇంట్లో గొడవలయ్యాయని విన్నాను. లాయర్లు అది కుదరదన్నారు, తర్వాత ఆలస్యమవుతుందన్నారు, ఆ తర్వాత ఇలా చేస్తే కుదురుతుందన్నారు. లాయర్ల పద్ధతే అంత. మార్కెట్లోకి వెళ్ళడం నాలుగు నెలలు వెనక్కి జరిగింది.

ఆ నాలుగు నెలలూ నా ఉద్యోగంలో అన్నిటికంటే మంచి రోజులు. నాలుగు వందల మందికి షేర్ల ఖాతాలు తెరవాలి. ఆధార్లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు. ఊరి అమ్మవారి పేరు పెట్టుకున్నవాళ్ళే అరవై మంది, ఇంటిపేర్లు కూడా నాలుగైదే. ఎవరి కాగితం ఎవరిదో తేల్చడానికి చివరికి షెడ్డులో ఎవరు ఏ బల్ల దగ్గర నిలబడతారో దాన్నిబట్టి గుర్తు పెట్టుకున్నాం. మంచునీళ్ళలో అరిగిపోయి చాలామంది వేలిముద్రలు మెషీను తీసుకోలేదు. సెక్రటరీ అమ్మాయి హైదరాబాదు నుంచి దిగి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, గోరువెచ్చటి నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని, ఒక్కొక్కరి వేళ్ళూ అందులో ముంచి తుడిచి మళ్ళీ పెట్టించేది. ఆవేళ ఫోన్లో ఏడ్చిన పిల్లేనా అనిపించింది.

ఇంతా చేసి, ఆ ఆస్తి న్యాయమైనదేనా అని మీరు నన్ను అడిగితే ఏం చెప్పను? ఆయన ఇచ్చింది ఆయనకున్నదాంట్లో బహుకొంచెం. పేపర్లో సున్నాలు ఒక్కటి కూడా తగ్గలేదు. గుమస్తా అది కూడా చూసి చెప్పాడు. మొదట్నుంచీ పక్కనుండి చూసినవాణ్ణిగా ఒకటి మాత్రం అనగలను. ఆయన తెలివి, తెగింపు, చాకిరీ అన్నీ నిజం. వాటికి పాలుండాలి. ఎన్నన్నది మాత్రం ఆయన ఒక్కడే గదిలో కూర్చుని తేల్చుకునేది కాదు. ఇసకలో అందరూ కూర్చునుండగా తేలాలి. మా దగ్గర ముప్పై ఏళ్ళు అలా ఎవరూ కూర్చోలేదు. కూర్చోవాలని తెలిసిన జనం మా గేటు బయటే ఉన్నారు, నేను వాళ్ళని వెనక్కి పంపుతూ ఉన్నాను.

నేను రిటైరయ్యాక మొదటి వార్షిక సమావేశం నరసాపురంలో ఒక కల్యాణ మండపంలో జరిగింది. షేర్లున్నవాళ్ళందరూ రావచ్చు, ప్రశ్నలడగొచ్చు. షేర్లు కొన్న బొంబాయి పెద్దమనుషులు వీడియోలో తెర మీద కనిపించారు. మా ఆడవాళ్ళు వ్యాన్లలో వచ్చి, ఇస్త్రీ చీరల్లో ముందు వరసల్లో కూర్చున్నారు. సమావేశంలో జరిగిందంతా తెలుగులో రాసి బోర్డుకి పెట్టమని సెక్రటరీ అమ్మాయి నన్ను పిలిపించింది. ఈసారి ఒక్క మాట కూడా మింగెయ్యొద్దని దణ్ణం పెట్టింది.

ప్రశ్నల దగ్గరకొచ్చేసరికి పెద్దక్క లేచింది. మైకు దగ్గరికెళ్ళి, దాన్ని కాస్త దూరంగా పెట్టుకుని మాట్లాడింది.

"ఈ ఏడాది మనిషి పాలు ఇంతని మాకు బ్యాంకులో పడిందండి. పడవ పాలు ఎంత తీశారో చెప్పండి."

ఛైర్మన్ గారి కొడుకు ఆయన చెవిలో ఏదో అన్నాడు. ఛైర్మన్ గారు లేచి నిలబడ్డారు. షేరున్న మనిషి అడిగితే జవాబివ్వాల్సిందే. ఇవ్వాల్సినదానికంటే ఎక్కువే ఇచ్చారు. తన జీతమెంతో, షేర్ల మీద ఎంత వచ్చిందో, చుట్టూ తిప్పకుండా చివరి రూపాయి దాకా చెప్పారు. పెద్దక్క పక్కకి తిరిగి వాళ్ళ పిల్లని అడిగింది. ఆ పిల్ల ఫోనులో లెక్క వేసి, అది ఎన్ని వేల మనిషి పాళ్ళో చెప్పింది.

పెద్దక్క మళ్ళీ మైకు దగ్గరికొచ్చింది. "ఎక్కువండి," అంది. "వచ్చే ఏడు మళ్ళీ అడుగుతాను." వెళ్ళి కూర్చుంది.

సాయంత్రం నేను తెలుగులో రాసిచ్చాను. ఒక వాటాదారు ప్రశ్న ఇది. ఛైర్మన్ గారి జవాబు ఇది. వాటాదారు అభిప్రాయం: ఎక్కువ. సెక్రటరీ అమ్మాయి ఆ చివరి వాక్యం అక్కర్లేదేమో అంది. ఒక్క మాట కూడా మింగొద్దన్నావు కదమ్మా అన్నాను. కాగితం నేనే ఛైర్మన్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మొదట్నుంచీ చదివి, చివరి వాక్యం మీద వేలు పెట్టారు.

"చాలా ఎక్కువ అనలేదు కదా ఆవిడ?"

"లేదు సార్. ఎక్కువ అని మాత్రమే అంది."

ఆయన పెన్ను తీసి, దాని కిందే సంతకం పెట్టారు.